సైనస్ ఆపరేషన్‌తో అంతా అయిపోయినట్లేనా?

ముక్కు దిబ్బడ, చిక్కని చీమిడి, ముఖం బరువు, వాసన తెలియకపోవడం. ఇవి 12 వారాలు దాటినా వదలకపోతే దీర్ఘకాలిక సైనసైటిస్ కావచ్చు. ఏలూరు తివాచీల ఉన్ని నూగు, తాడేపల్లిగూడెం రైసుమిల్లుల ఊక దుమ్ము ఈ బాధను మరింత రెచ్చగొడతాయి.

మందులా, ఆపరేషనా? లండన్‌లో 90 మందిపై జరిపి 2004లో ప్రకటించిన పరిశీలనలో, ఏడాది తర్వాత రెండింటివల్లా ఇంచుమించు సమానంగానే మేలు కనిపించింది. కనుక అప్పుచేసి ఆపరేషన్‌కు తొందరపడకండి. ముందు ఉప్పునీటితో ముక్కు కడగండి. డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేను కొన్ని వారాలు విడవకుండా వాడండి. అప్పటికీ తగ్గనివారికి ఆపరేషన్ మంచి ఊరటనిస్తుందని 2025లో వెలువడిన బ్రిటన్ పరిశోధన చెబుతోంది.

అయితే ఆపరేషన్ దారి తెరుస్తుందే గాని, వాపు గుణాన్ని పోగొట్టదు. ముక్కులో కండలు మళ్లీ పెరగవచ్చు. అందుకే డాక్టరు చెప్పేవరకు స్ప్రే, కడగడం మానకండి.

పావులీటరు నీటికి అర టీచెంచా ఉప్పు చాలు. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి. కొల్లేటి ఊళ్లవారు చెరువు నీటిని ముక్కులోకి పోయనే కూడదు. దిబ్బడ తీసే చుక్కలమందు అయిదు రోజులు మించితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

కంటిచుట్టూ వాపు, చూపు మసకబారడం, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గుణం వచ్చిందో లేదో స్కానింగ్ ఫిలిం ఒక్కటే చెప్పదు. రాత్రి నిద్ర పడుతోందా? పగలు పని సాగుతోందా? కొర్రమీను పులుసు వాసన తెలుస్తోందా? ఈ మూడూ మీ డాక్టరుకు తప్పక చెప్పండి.