తాళపుచెవి యెవరి చేతిలో నుండవలయును?

కర్నూలు, కడప జిల్లాల నేతపనివారికి ఉమ్మడి పనిశాలలు కావలయునని మేము కోరినపుడెల్ల, నేతగానికి ఇల్లే పనిశాల కదా, వేఱొకటి యేల యని కొందఱు పెద్దలు ప్రశ్నించుచున్నారు. వీరు వానకాలమున మాధవరములో గాని కోడుమూరులో గాని గుంటమగ్గమును చూచినవారు కారని మా యభిప్రాయము.

ఇంటిలో సగము మగ్గమే. మిగిలిన సగములో పొయ్యి, పసిబిడ్డలు, మంచమెక్కిన ముసలివారు. వాన పట్టినచో గుంటలో నీరూరును, నేత నిలుచును. పడుగు సాచి గంజి పట్టించుటకు వీధియే గతి. నాలుగు చినుకులు పడెనా, ఆ శ్రమయంతయు మట్టిపాలు. అద్దకమునకు కాగులు, నీరు, ఆరవేయుటకు నీడ కావలయును. జకార్డు అట్టలు కొట్టు యంత్రము కావలయును. ఇవి యింటింట నమర్చుకొనుట కలలోని మాట. పదిమందికి నొక యద్దకపు కొట్టము, పడుగులకొక పొడవైన సాల, నమూనాలు గీయువానికొక బల్ల, సరకు దాచుటకొక గది: ఇంతకు మించి యెవరును కోరుట లేదు.

మనవారు కలసి పనిచేయరనుట మఱియొక సాకు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్రను కూర్చి సహకార సంఘమును నెలకొల్పినది ఈ కరవు నేలమీదనే కాదా? ఇంగ్లాండులోని రాచ్‌డేలులో 1844లో 28 మంది, తలకొక పౌను చొప్పున కూడబెట్టి ఉమ్మడి యంగడి తెఱచిరి. వారిలో నేతగాండ్రు పలువురు. వారును ధనికులు కారు.

సర్కారు సొమ్ముతో ఉమ్మడి సదుపాయ కేంద్రములు కట్టు పథకములు లేకపోలేదు. మా భయమంతయు కట్టిన పిమ్మటి సంగతి. శిలాఫలకము గోడకును, తాళపుచెవి గుమాస్తాకును దక్కినచో నేతగానికి దక్కునదేమి? కాగు వంతు ఎవరిది, అద్దె యెంత, లెక్కల పుస్తకము ఎవరు చూడవచ్చును అను విషయములను అందు పనిచేయువారే తేల్చుకొనవలయును. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ఇందుకు దారి చూపుచునే యున్నది. దాని క్రింద సంఘము తన నిబంధనలను తానే వ్రాసికొనవచ్చును, పాలకవర్గమును తానే యెన్నుకొనవచ్చును.

స్థలము చౌకయని ఊరికి రెండు మైళ్ల యావల కట్టుదురేమో! కండెలు చుట్టు ఆడువారు బిడ్డలను విడిచి అంత దూరమెట్లు పోగలరు? నేతపేటలోనే వాడుకలో లేని గోదాము నొకదానిని పురపాలక సంఘము తక్కువ యద్దెకిచ్చినను చాలును. రంగునీరు వీధి కాలువలోనికి పోకుండ తొట్టి మాత్రము మొదటనే కట్టవలయును. పొరుగువారి బావి చెడినపిమ్మట ఎంతటి సంఘమైనను నిలువదు.

చేరదలచినవారి పేర్లు వ్రాసికొనుటకు భవనమక్కఱలేదు. ఈ యాదివారమే మన పఠనమందిరముల వసారాలలో ఆ పని మొదలుపెట్టవచ్చును.