సాత్వికం పిరికితనం కాదు

లోతైన సముద్రంలోకి దిగే యంత్రానికి దళసరి లోహపు కవచం ఉండాలన్నది ఇంజినీర్ల పాత సూత్రం. పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధంలో, దాదాపు 11 కిలోమీటర్ల లోతున, నీటి ఒత్తిడి మన మీద ఉండే గాలి ఒత్తిడికన్నా 1,000 రెట్లకు పైగా ఉంటుంది మరి! అయితే చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వారి సహచరులు కలిసి అలాంటి కవచమేమీ లేని ఒక చిన్న రోబోను అక్కడ 10,900 మీటర్ల లోతుకు దింపారు. 2019లో జరిగిన ఈ పరీక్ష వివరాలు 2021లో ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. ఆ రోబో ఒళ్లంతా మెత్తని సిలికాన్. అంత లోతులోనూ అది నలిగిపోకుండా రెక్కలాడించింది.

వారికి ఈ కిటుకు నేర్పింది స్నెయిల్‌ఫిష్ అనే చేప. సుమారు 8,000 మీటర్ల లోతున బతికే ఈ చేపకు పొలుసులుండవు. ఒళ్లు జిగురుముద్దలా ఉంటుంది. పుర్రె ఎముకలు కూడా పూర్తిగా అతుక్కుని ఉండవు. అది చూసి శాస్త్రవేత్తలు రోబోలోని ఎలక్ట్రానిక్ భాగాలను ఒకేచోట కుక్కకుండా ఎడమెడంగా అమర్చి, సిలికాన్‌లో పొదిగారు. దాంతో వాటి మీద పడే ఒత్తిడి తగ్గింది.

సముద్రంలోని చేపలు కూడా మనకు బోధిస్తాయన్నాడు యోబు (యోబు 12:8). అంతటి ఒత్తిడి ఉన్నచోట దేవుడు ఇంత మెత్తని ప్రాణిని ఉంచాడు. మనమేమో కష్టం రాగానే గుండెను రాయి చేసుకుంటాం, బయటి ఒత్తిడిని ఇంట్లోవాళ్ల మీద చూపిస్తాం. యేసుప్రభువు మాత్రం తాను సాత్వికుడనని, తన దగ్గర నేర్చుకోమని పిలిచాడు (మత్తయి 11:29).

అయితే ఈ మాటను మనం ఎవరికి బోధిస్తున్నామన్నదే ప్రశ్న. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన సోదరికి ‘ఓర్చుకో అమ్మా, ప్రార్థన చేసుకో’ అని చెప్పి పంపేయడం మన సంఘాల్లో అరుదేమీ కాదు. కొట్టిన చేతికి లేని బోధ దెబ్బతిన్న చెంపకా? విచారణ సమయంలో ఒక బంట్రౌతు తనను కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, అలాగని మౌనంగానూ ఉండలేదు. తన మాటలో తప్పుంటే చూపించమని, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు (యోహాను 18:23). అందులో ద్వేషం లేదు, భయమూ లేదు. సాత్వికమంటే అదీ!

మెత్తదనమంటే చచ్చుబడి ఉండడం కాదు. ఆ రోబో సముద్రం అడుగున ముద్దలా పడి ఉంటే దాని గొప్పేముంది? ఒత్తిడిలోనూ అది కదిలింది, తన పని తాను చేసింది. ఆ సోదరి నోరు విప్పి సంఘానికి చెప్పుకోవడం కూడా అలాంటి కదలికే. దాన్ని అణచివేయడం పాపం. ఆమెను ముందు సురక్షితమైన చోటికి చేర్చాలి. మహిళలకు గృహహింస నుంచి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం ఉందని చెప్పి, తోడుగా వెళ్లాలి. ఇక మత్తయి 11:29 అంటారా? దాన్ని ముందుగా చదివించాల్సింది ఆమెచేత కాదు, ఆమె భర్తచేత!