పగుళ్లకు సున్నం కొడితే సరిపోతుందా?

2023 మార్చి 22న దోహాలోని అల్ మన్సూరాలో నాలుగంతస్తుల భవనం కుప్పకూలింది. చనిపోయిన భారతీయుల్లో ఆంధ్రప్రదేశ్ వ్యక్తి కూడా ఉన్నారు. ప్రధాన కాంట్రాక్టర్, కన్సల్టెంట్, ఓనర్‌తోపాటు మరమ్మతులు చేసిన కంపెనీని కూడా ప్రాసిక్యూషన్ కోర్టుకు లాగింది. మనం పట్టించుకోవాల్సింది ఆ చివరి పేరునే.

రూమ్ చూడ్డానికెళ్తే మనం అడిగేది అద్దె, ఏసీ, మెట్రో ఎంత దూరం అనే. పిల్లర్ల వంక ఎవరు చూస్తారు! గోడమీద వెంట్రుకంత పగులు మామూలుగా ప్లాస్టర్‌దే. పిల్లర్‌కో, బీమ్‌కో పగులొచ్చినా, తుప్పు పట్టిన ఇనుము బయటపడినా, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నా సంగతి వేరు. కింద పిల్లర్ చెక్కుతుంటే పైన కాపురం ఉండకూడదు, కట్టిన అద్దె పోయినా సరే.

ఖతార్‌లో అద్దె ఇళ్లకు 2008 నాటి 4వ నంబరు చట్టం ఉంది. రిజిస్టరైన కాంట్రాక్టు ఉంటే అద్దె వివాదాల కమిటీకి వెళ్లొచ్చు. బెడ్‌స్పేస్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి ఆ కాగితమే ఉండదు. అలాంటివాళ్లు పగులును ఫోటో తీసి, కాంట్రాక్టు ఎవరి పేరున ఉందో వాళ్లకు ఈరోజే పంపాలి.