అంగీకార పత్రం అడగని జర్నళ్లు

మనుషుల మీద చేసిన వైద్య పరిశోధన వ్యాసం ఏది తీసుకున్నా అందులో సాధారణంగా రెండు వాక్యాలు ఉంటాయి. నైతిక కమిటీ ఈ అధ్యయనానికి అనుమతి ఇచ్చిందని ఒకటి. పాల్గొన్నవారికి, మైనర్లయితే వారి తల్లిదండ్రులకు అన్నీ వివరించి అంగీకారం తీసుకున్నామని మరొకటి. ఈ రెండూ లేకపోతే పేరున్న జర్నల్ ఏదీ వ్యాసాన్ని తీసుకోదు. ఉంటే మాత్రం వాటి వెనక ఏముందని సంపాదకులు అడగడం అరుదు. ఏముంటుందో ఇల్లందు, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల వారికి తెలుసు. 2009లో మన పిల్లల పేరు మీదే అది జరిగింది.

ఆ ఏడాది జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఈ పని చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఇక్కడ వేసిన టీకాను మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది పిల్లలకు వేశారు. ఇల్లందు ఆ మూడింటిలో లేదు, పక్కనున్న కొత్తగూడెం ఉంది. ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2010 మార్చిలో సమ అనే మహిళా సంఘం భద్రాచలం వచ్చి వార్డెన్లతో, పిల్లలతో మాట్లాడి వెళ్లింది. గొడవ పెద్దదయ్యాక ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపించింది.

ఇదే పథకం కింద గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ టీకా వేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు, వారిలో ఐదుగురు మన వైపు వాళ్లు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినదే. ఈ వ్యాసం చదివి ఏ తల్లీ తన బిడ్డకు ఆ టీకా వద్దనుకోకూడదు. నా అభ్యంతరం టీకా మీద కాదు, అంగీకారం తీసుకున్న తీరు మీద.

విచారణలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాలు తిరగేశారు. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. రెండూ కలిపితే దాదాపు సగం. వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదువు రాని మనిషికి చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండి సంతకం చేస్తే అది చెల్లుతుంది. కానీ చాలా పత్రాల మీద సాక్షి సంతకమే లేదు. ఇక వార్డెన్ సంగతి. హాస్టల్లో ఉన్న పిల్లకు జ్వరమొస్తే మాత్ర వేయించే బాధ్యత వార్డెన్‌ది. పిల్లను అధ్యయనంలో చేర్చే అధికారం తల్లిదండ్రులది. తమ బదులు సంతకం పెట్టమని తల్లిదండ్రులు వార్డెన్లకు రాసిచ్చిన కాగితాలు లేవు. 2013 ఆగస్టులో పార్లమెంటుకు 72వ నివేదిక సమర్పించిన ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇది ప్రయోగం కాదు, ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమేనన్న వాదనను అంగీకరించలేదు.

ఇప్పుడు జర్నళ్ల దగ్గరకు వద్దాం. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. ఇదే పథకం నడిచిన భారత్, పెరూ, ఉగాండా, వియత్నాం దేశాల్లో హెచ్‌పీవీ టీకాను ఏ పద్ధతిలో వేస్తే ఎక్కువమందికి చేరిందో చెప్పే వ్యాసం అది. మన దేశంలో ఒకేసారి శిబిరాలు పెట్టి వేసిన చోట 77 నుంచి 88 శాతం మందికి అందిందని అందులో లెక్క ఉంది. లెక్క అబద్ధమని నేను అనడం లేదు. టీకా ఎంతమందికి చేరిందన్నదే ఆ వ్యాసం కొలత. కానీ 2,763 అనే అంకె మనకు తెలిసింది జర్నల్ వల్ల కాదు. మహిళా సంఘాలు అరిచి, పార్లమెంటు కదిలితే తెలిసింది. ఎక్కువ శాతం మందికి టీకా అందడాన్ని విజయంగా చూపించే చోట, ఆ శాతం వెనక ఎవరి సంతకాలున్నాయో కూడా చెప్పాలి. హాస్టల్ పిల్లలందరినీ ఒక్క పూటలో వరసలో నిలబెట్టగలిగిన చోట శాతాలు పెరగడంలో వింత ఏముంది?

నియమాలు లేక కాదు. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు 1964 నాటి హెల్సింకి ప్రకటన ప్రమాణం. ఆ సూత్రాలకు విరుద్ధంగా చేసిన పరిశోధన ఫలితాలను ప్రచురణకు స్వీకరించకూడదన్న మాట 1975 నుంచే అందులో ఉంది. అంటే జర్నల్ సంపాదకుడిది అక్షరాలు దిద్దే పని కాదు, వాకిలి దగ్గర కాపలా. ప్రచురణ నీతి కోసం 1997లో పుట్టిన కోప్ అనే సంఘంలో వేల జర్నళ్లు చేరాయి. దొంగ డేటా, కాపీ కొట్టిన వాక్యాలు, కృషి చేయనివారి పేర్లు రచయితల జాబితాలో దూర్చడం, వీటి మీద నేడు పట్టింపు బాగానే పెరిగింది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. వార్డెన్ సంతకాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ లేదు. మనిషి అడిగితేనే అది బయటపడుతుంది.

అడిగే నాథుడే లేని జర్నళ్లు వేరే ఉన్నాయి. వాటికి రాజధాని అని హైదరాబాద్‌కు చెడ్డ పేరొచ్చింది. 2007లో మొదలైన ఓమిక్స్ సంస్థ వందల జర్నళ్లు నడిపింది. రచయితలను మోసగిస్తోందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. రికార్డులో ఉన్న దాదాపు 69 వేల వ్యాసాల్లో ఏదో ఒక సమీక్ష జరిగి ఉండొచ్చనడానికి ఆధారం సగానికి కూడా కనిపించలేదు. ఒప్పుకోని పండితుల పేర్లను సంపాదక మండలిలో చూపించారు. ఫీజు సంగతి ముందు చెప్పలేదు. వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నా ఒప్పుకోలేదు. నిపుణుడైన సమీక్షకుడే లేని చోట అంగీకార పత్రం గురించి ఎవరు అడుగుతారు?

ఇలాంటి అంగళ్లకు గిరాకీ తెచ్చింది మన చదువుల వ్యవస్థే. 2010 తర్వాత అధ్యాపకుల ప్రమోషన్‌కు వ్యాసాల సంఖ్య పాయింట్లుగా మారింది. యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా విడుదల చేసి, 2018 మేలో అందులోంచి 4,305 తీసేసింది. విశ్వవిద్యాలయాలు సిఫార్సు చేసిన జర్నళ్లను పరిశీలించిన నిపుణులు వాటిలో 88 శాతం నాసిరకమని అదే ఏడాది కరెంట్ సైన్స్‌లో రాశారు. తర్వాత దాని స్థానంలో కేర్ అనే జాబితా వచ్చింది, 2025లో అదీ పోయింది. మంచి చెడ్డలు ఇక మీరే చూసుకోండని భారం విశ్వవిద్యాలయాల మీద పెట్టారు. ప్రయోగశాల లేక, లైబ్రరీలో కొత్త జర్నళ్లు లేక, వారమంతా క్లాసులు చెప్పుకునే ఏజెన్సీ డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ను ఏటా వ్యాసాలు చూపించమంటే డబ్బు కట్టి అచ్చేసుకోక ఏం చేస్తాడు? అది సమర్థనీయమని కాదు. తప్పు చేయించే నిబంధనను వదిలేసి, చేసినవాణ్ని మాత్రమే తిట్టడం న్యాయం కాదంటున్నాను.

ఇల్లందు వాడిగా, తెలియజెప్పినవారి పేర్లు కాగితాల్లో మిగలకపోవడం గురించి కూడా చెప్పాలి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గు ఉన్నట్టు కనుగొన్నారు. ఒక బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టారు. అంతకు ముందే భద్రాచలం వెళ్లే యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు అంటుకున్నాయని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆ యాత్రికుల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. కోయ వైద్యుడు చూపించిన వనమూలిక గురించి నేడు వ్యాసం రాసేవారు కూడా 'స్థానికులు చెప్పారు' అనే ఒక్క ముక్కతో సరిపెడితే ఆ లోటు అలాగే కొనసాగినట్టే.

జర్నళ్లు చేయగలిగినవి కష్టమైనవేం కాదు. గిరిజన ప్రాంతంలో చేసిన అధ్యయనం వస్తే ఖాళీ అంగీకార పత్రాన్ని, స్థానిక భాషలో వాడినదాన్నే, వ్యాసంతో పాటు పంపమనాలి. ఎంతమంది తల్లిదండ్రులు స్వయంగా సంతకం చేశారు, ఎంతమంది వేలిముద్ర వేశారు, సాక్షి ఎవరు అన్న లెక్కను వ్యాసంలోనే అచ్చేయాలి. ఫలితాలను తెలుగులో ఆ ఊళ్లకు చెప్పారా అని అడగాలి. భద్రాచలం ఐటీడీఏ కూడా తన పరిధిలో జరిగే ప్రతి అధ్యయనం వివరాలను గ్రామసభ ముందు పెట్టించాలి. మన విశ్వవిద్యాలయాలు వ్యాసాలు లెక్కపెట్టడం మాని, వాటిని చదివి మార్కులు వేయాలి.

అప్పటిదాకా ఏజెన్సీ గ్రామాల తల్లిదండ్రులకు, హాస్టల్ వార్డెన్లకు నా విన్నపం ఒక్కటే. ఎవరు ఏ ఫారం తెచ్చినా చదివించుకోండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి, నకలు అడిగి తీసుకోండి. నకలు ఇవ్వనంటే సంతకం పెట్టకండి.