మూలికల సంచి మీద మొక్క పేరేది?

19వ శతాబ్దం తొలి సగంలో కలకత్తా బజారుకు వాయవ్య దిక్కు నుంచి ఒక ఎండు వేరు మూటలు మూటలుగా వచ్చేది. కశ్మీర్ కొండల్లో తవ్వి ఎండబెట్టిన ఆ వేరు పంజాబ్ దాటి, యమున దాటి, గంగా మైదానం పొడవునా ప్రయాణించి హుగ్లీ ఒడ్డుకు చేరేది. కలకత్తా వర్తకులు దాన్ని ‘పుచుక్’ అని పిలిచేవారు. చైనాకు ఓడలు పంపేవారు పోటీలు పడి కొనేవారు. అక్కడి గుళ్లలో అది ధూపం, మందుల కొట్లలో కడుపుబ్బరానికి, అజీర్తికి, విరేచనాలకు వాడే ముఖ్యమైన దినుసు. చైనా వైద్యంలో ప్రసిద్ధమైన ‘ము షియాంగ్’ అదే. మన ఆయుర్వేద గ్రంథాల్లోని కుష్ఠం అదే. తెలుగు నాట మూలికల దుకాణంలో చంగల్వ కోష్టు అని అడిగితే ఇచ్చేదీ అదే. చైనా సంప్రదాయ మూలికగా ప్రపంచమంతా ఎరిగిన ఈ వేరు హిమాలయాల్లో పుట్టి, కలకత్తా రేవులో ఓడెక్కింది.

గ్రీకులు, రోమన్లు ‘కోస్టస్’ పేరుతో ఇష్టంగా కొన్న సుగంధ మూలిక కూడా ఇదే. అయితే అది ఏ మొక్క వేరో యూరప్ పండితులకు శతాబ్దాల పాటు తెలియలేదు. కొన్నవారు వేరునే చూశారు, మొక్కను చూడలేదు. హ్యూ ఫాల్కనర్ అనే వృక్షశాస్త్రవేత్త 1830ల చివర కశ్మీర్ వెళ్లి, కొండల మీద ఆ మొక్కను స్వయంగా చూసి, ఆకునూ పువ్వునూ పరీక్షించి, ఆ చిక్కుముడి విప్పాడు. నాటి గవర్నర్ జనరల్ ఆక్‌లాండ్ పేరు మీద దానికి ‘ఆక్‌లాండియా’ అని నామకరణం చేశాడు. ఆ తర్వాత 1848లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి సూపరింటెండెంట్ అయ్యాడు. శాస్త్రజ్ఞులు ఆ మొక్కకు తర్వాత వేరే పేర్లు పెట్టినా, చైనా అధికారిక ఔషధ గ్రంథం, అంటే ఫార్మకోపియా, నేటికీ ఈ మూలికను లాటిన్‌లో ‘ఆక్‌లాండియే రాడిక్స్’ అనే పేర్కొంటుంది. బజారులో దొరికే వేరును కొండ మీది మొక్కతో కలిపి చూడడమే ఫాల్కనర్ చేసిన అసలు పని. మూలికా వైద్యం మొత్తానికీ పునాది అదే. నేటి మన బజార్లలో కరవైందీ అదే.

కోష్టు గుణాలు గాలివార్తలు కావు. కాస్టునోలైడ్, డీహైడ్రోకాస్టస్ లాక్టోన్ అనే రసాయనాలు ఈ వేరులో పుష్కలంగా ఉన్నాయి. పేగు కండరాల బిగువును సడలించడం, వాపును తగ్గించడం వంటి ప్రభావాలు ప్రయోగశాలల్లో కనిపించాయి. చైనా వైద్యులు దీన్ని మరో చేదు వేరుతో కలిపి జిగట విరేచనాలకు మాత్రలుగా ఇస్తారు. మన వైద్యులు దగ్గుకు, ఆయాసానికి, చర్మవ్యాధులకు వాడారు. అవే రసాయనాలు కొందరి చర్మానికి పడవు, దద్దుర్లు లేపుతాయి. అందుకే అత్తరు పరిశ్రమ ప్రమాణాలు ఈ వేరు నూనెను పరిమళ ద్రవ్యాల్లో వాడకూడదన్నాయి. గిరాకీ ఎంత పెరిగిందంటే కొండల్లో మొక్క కరిగిపోయింది. 1985 నుంచి అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన రక్షణ ఉన్న జాబితాలో, అది ఉంది. ఇప్పుడు హిమాచల్‌లోని లాహౌల్‌లో, చైనాలోని యునాన్‌లో దాన్ని పొలాల్లో సాగు చేస్తున్నారు.

అసలు కథ ఇక్కడి నుంచి భయపెడుతుంది. చైనా బజారులో దాదాపు ఇదే పేరుతో ‘చింగ్ ము షియాంగ్’ అనే మరో వేరు ఉండేది. కోష్టుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అది అరిస్టోలోకియా జాతి తీగ వేరు. ఆ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఈ ఆమ్లం మూత్రపిండాల్లోని సన్నని నాళికలను దెబ్బతీసి, ఆ కణజాలాన్ని గట్టిపరుస్తుంది. కణంలోని డీఎన్ఏకు అతుక్కుని మార్పులు తెస్తుంది. ఫలితం కిడ్నీల వైఫల్యం, ఏళ్ల తర్వాత మూత్రనాళాల క్యాన్సర్.

ఇది ఊహ కాదని బెల్జియం చూపింది. బ్రసెల్స్‌లోని ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి ఇస్తున్న గుళికల్లో 1990లో రెండు చైనా మూలికలు చేర్చారు. అందులో ఒకటి ‘ఫాంగ్ జీ’, అంటే స్టెఫానియా వేరు కావాలి. దాని స్థానంలో పేరు కలిసే ‘గ్వాంగ్ ఫాంగ్ జీ’, అంటే అరిస్టోలోకియా వేరు, పొట్లాల్లోకి చేరింది. ఆరోగ్యంగా ఉన్న యువతులు కొద్ది నెలల్లోనే కిడ్నీలు పాడై ఆసుపత్రులకు వచ్చారు. 1993లో బ్రసెల్స్ వైద్యులు దీన్ని లాన్సెట్ పత్రికలో బయటపెట్టారు. చివరికి వందకు పైగా బాధితులు తేలారు. కిడ్నీలు పూర్తిగా పోయిన 39 మందికి ముందుజాగ్రత్తగా పాడైన కిడ్నీలు, మూత్రనాళాలు తీసి పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ బయటపడింది. ఆ స్త్రీలలో ఎవరూ విషం అని తెలిసి మింగలేదు. వైద్యుడి చీటీ మీద మందు పేరు సరిగానే ఉంది. మూటలో ఉన్నది వేరే వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ జాతి మొక్కలున్న మందులను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి తరగతిలో చేర్చింది. 2003, 2004 సంవత్సరాల్లో చైనాయే తన ఫార్మకోపియా నుంచి గ్వాంగ్ ఫాంగ్ జీ, చింగ్ ము షియాంగ్ వంటి వేర్లను తొలగించింది. వేల ఏళ్ల సంప్రదాయం అని వెనకాడలేదు.

ఈ ముచ్చటంతా చైనాది, బెల్జియంది అని తెలుగు పాఠకుడు పక్కకు నెట్టడానికి వీల్లేదు. పల్లెల్లో పాముకాటుకు, జ్వరానికి, కడుపునొప్పికి నూరి తాగించే ఈశ్వరి వేరు అరిస్టోలోకియా ఇండికా. గోవిల అని కూడా అంటారు. అదే జాతి, అదే ఆమ్లం. పాము కరిచినప్పుడు ఈ వేరు చేసే మొదటి హాని, ఆసుపత్రికి చేరాల్సిన గంటను తినేయడం. విషానికి విరుగుడు యాంటీవీనం ఇంజెక్షన్ ఒక్కటే. రెండో హాని నెమ్మదిగా జరుగుతుంది, ఎన్నాళ్లకో కిడ్నీ వార్డులో బయటపడుతుంది. అప్పటికి తాగిన కషాయం ఎవరికీ గుర్తుండదు, వైద్యుడు అడగడు.

మన ఔషధ నిబంధనల్లో విషపూరితమైన ఆయుర్వేద దినుసులకు షెడ్యూల్ ఇ(1) అని ఒక పట్టిక ఉంది. ఉమ్మెత్త, వత్సనాభి, గన్నేరు, గురివింద అందులో ఉన్నాయి. అవి ఉన్న మందుల సీసా మీద హెచ్చరిక వేయాలి. తక్షణం మనిషిని పడగొట్టే విషాలను పూర్వీకులు బాగా గుర్తుపట్టారు, శుద్ధి పద్ధతులు కూడా చెప్పారు. పదేళ్ల తర్వాత క్యాన్సర్ తెచ్చే విషాన్ని కంటితో గుర్తుపట్టడం ఏ తరానికీ సాధ్యం కాదు. దానికి ప్రయోగశాల కావాలి. కాబట్టి ఈశ్వరిని ఆ పట్టికలో చేర్చడం పూర్వీకులను తప్పుపట్టడం కానే కాదు. లోపలికి తీసుకునే మందుల్లోంచి దాన్ని పూర్తిగా తొలగించడం ఇంకా మేలు.

సంప్రదాయ మూలికను పరీక్షకు పెడితే దాని పరువు పోతుందని భయపడేవారు కలకత్తాలోనే జరిగిన సర్పగంధ కథ చదవాలి. బీహార్, బెంగాల్ పల్లెల్లో ‘పాగల్ కీ దవా’గా వాడిన ఆ వేరు మీద 1931లో కవిరాజు గణనాథ్ సేన్, డాక్టర్ కార్తిక్ చంద్ర బోస్ కలిసి ఇండియన్ మెడికల్ వరల్డ్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఉన్మాదానికీ, రక్తపోటుకూ అది పనిచేస్తోందని రాశారు. ఒక ఆయుర్వేద పండితుడు, ఒక ఆధునిక వైద్యుడు ఒకే కాగితం మీద సంతకం పెట్టారు. కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామ్ నాథ్ చోప్రా బృందం దాని ప్రభావాన్ని ప్రయోగశాలలో పరిశీలించింది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించడంతో ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రిసర్పిన్ అనే రసాయనాన్ని వేరుచేశారు. నాడీ కణాల్లో కొన్ని రసాయనాల నిల్వను ఖాళీ చేయడం ద్వారా అది రక్తపోటును దించుతుందని తెలిసింది. కొందరిలో కుంగుబాటు తెస్తుందనీ తెలిసింది. చైనా తన నేలలో దొరికే సర్పగంధ జాతి మొక్కతో సొంతంగా బీపీ మందు తయారు చేసుకుంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో అసీమా ఛటర్జీ ఆ జాతి మొక్కల ఆల్కలాయిడ్ల మీద ఏళ్ల తరబడి శ్రమించారు. పరీక్ష సర్పగంధకు ప్రతిష్ఠ తెచ్చింది, మోతాదు తెచ్చింది, జాగ్రత్తలు తెచ్చింది.

చోప్రాయే 1930లో ఔషధ విచారణ సంఘానికి అధ్యక్షుడు. నాటి బజారు మందుల కల్తీని పరిశీలించిన ఆ సంఘం పనికి ఫలితమే 1940 నాటి ఔషధ చట్టం. 1964లో ఆయుర్వేద, యునానీ మందులు కూడా ఆ చట్టం కిందికి వచ్చాయి. కానీ ఒక పెద్ద కంత మిగిలిపోయింది. ఆయుర్వేద మందు తయారీకి లైసెన్సు కావాలి, అమ్మడానికి అక్కర్లేదు.

నేటి కోల్‌కతా బడాబజార్ దేశంలోని పెద్ద మూలికల మార్కెట్లలో ఒకటి. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ మూలికల కొట్లు నడిచే తీరు అదే. ఎండి, ముక్కలై, రంగు మారిన వేరును చూసి ఏ మొక్కదో చెప్పగల అనుభవజ్ఞులు తగ్గిపోతున్నారు. సర్పగంధలోనే దాని జాతికి చెందిన చవక మొక్కల వేర్లు కలుస్తాయి. బడాబజార్‌కు హుగ్లీ అవతల, శిబ్‌పూర్‌లో, దాదాపు 20 లక్షల ఎండు నమూనాలున్న కేంద్రీయ జాతీయ హెర్బేరియం ఉంది. తెలుగువారికి ఆ చోటుతో పాత బంధం ఉంది. సామర్లకోటలో పదేళ్లకు పైగా మొక్కలు పెంచి, పరిశీలించిన విలియం రాక్స్‌బర్గే 1793లో అక్కడి వృక్షోద్యానానికి సూపరింటెండెంట్‌గా వెళ్లాడు. ఆయన వృక్షగ్రంథాల్లో శాస్త్రీయ నామం పక్కన తెలుగు పేరూ కనిపిస్తుంది. రెండు వందల ఏళ్ల క్రితం కాగితం మీద చేయగలిగిన పనిని నేటి మూలికల సంచి మీద చేయలేమా?

చేయగలం. టోకున అమ్మే ప్రతి మూలిక సంచి మీద శాస్త్రీయ నామం, ఏ భాగం, ఎక్కడిది, ఏ విడత అన్నది రాయాలి. సూక్ష్మదర్శిని, పలుచటి పొర మీద రసాయనాల్ని వేరుచేసే పరీక్ష, డీఎన్ఏ గుర్తింపు మన ప్రయోగశాలల్లో ఉన్నవే. పెద్ద మార్కెట్లలో విడతకొక నమూనా తీసి వాటికి పంపితే చాలు. చిన్న దుకాణదారు మీద ఈ ఖర్చు పడకూడదు, దిగుమతిదారూ టోకు వ్యాపారీ భరించాలి. ఆయుష్ మందుల దుష్ప్రభావాల నమోదుకు కేంద్రం ఏర్పరచిన వ్యవస్థ ఇప్పటికే ఉంది. జిల్లా ఆసుపత్రి కిడ్నీ వార్డులకు అది చేరాలి. కారణం తెలియని కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉన్న రాష్ట్రంలో, ప్రతి కిడ్నీ రోగిని ‘ఏ వేరు, ఏ కషాయం తాగావు’ అని అడిగి రాసుకోవడం కనీస బాధ్యత. ఉద్దానం జబ్బుకు మూలికలే కారణమని దీని అర్థం కాదు. అడగకపోతే ఏదీ తేలదని మాత్రమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖలు ఈశ్వరి వేరు కలిసిన మందులు ఏవేవి అమ్ముడవుతున్నాయో ముందుగా జాబితా తీసి ప్రజలకు చెప్పాలి. అందాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. మొక్క శాస్త్రీయ నామం చెప్పలేని వారి దగ్గర లోపలికి తీసుకునే వేరు కొనకండి. ఇంట్లో ఈశ్వరి వేరు ఉంటే ఎవరికీ తాగించకండి. బీపీకో కిడ్నీకో చికిత్స పొందుతూ ఏ మూలిక వాడుతున్నా, వైద్యుడు అడగకపోయినా, మీరే చెప్పండి.