డిస్నీ వరల్డ్‌కి రెండోసారి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మనవాళ్ళు చూపించే ఊళ్ళకి ఒక పట్టీ ఉంది. నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి, ఓర్లాండో డిస్నీ వరల్డ్. మొదటి మూడింటికీ ఎన్నిసార్లు వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. డిస్నీకి రెండోసారి అంటే మాత్రం "మళ్ళీనా? డబ్బులెక్కువయ్యాయా?" అంటారు. తిరుపతికి ఏటా వెళ్ళే వాళ్ళం, ఈ మాట మనమే అనడం నాకు వింతగా ఉంటుంది. నా మటుకు నాకు మొదటి ప్రయాణమే దండగ అనిపించింది. గిట్టుబాటయ్యింది రెండోసారే.

మేం మొదటిసారి వెళ్ళింది 1998 జులైలో. అట్లాంటా నుంచి దాదాపు 440 మైళ్ళు. వ్యాన్‌లో నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మా. అసలా ఊరు ఎంతుందో మనలో చాలామంది వెళ్ళేదాకా గ్రహించరు. స్థలం దాదాపు 40 చదరపు మైళ్ళు. 1971 అక్టోబరు 1న మేజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. 1982లో ఎప్కాట్, 1989లో సినిమా స్టూడియోల పార్కు, 1998 ఏప్రిల్‌లో ఎనిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. నాలుగూ నాలుగు ఊళ్ళు. నేను వాటన్నిటినీ నాలుగు రోజుల్లో "కొట్టేద్దామని" కాగితం మీద గంటగంటకీ పద్దు రాసుకుని బయల్దేరాను. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని ఐదు రోజుల టికెట్లు కొన్నాను.

ఫ్లోరిడా జులై ఎండ గురించి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం వాన గురించీ చెప్పక్కర్లేదు. కారు నిలిపాక మేజిక్ కింగ్‌డమ్ గుమ్మం చేరాలంటే సరస్సు దాటాలి, మోనోరైలో పడవో ఎక్కాలి. అక్కడికే మా అమ్మ "ఇంకా ఎంత దూరం రా?" అంది. లోపలికెళ్ళాక మేం క్యూల్లో నిలబడ్డాం, ఆవిడ సంచులు కాపలా కాస్తూ బెంచీ మీద కూర్చుంది. రోజుకి ఎనిమిది గంటలు. రాత్రి మోటెల్‌కి రాగానే "ఇవాళ ఎంతయింది?" అని అడిగేది. డాలరుకి 42 రూపాయల లెక్కన హెచ్చవేసి, ఆ తర్వాత మాట్లాడేది కాదు. ఆ మౌనానికి నాకు కోపం వచ్చేది. "అమ్మా, నీకోసమే కదా వచ్చింది" అన్నాను ఒకసారి, అదీ పిల్లల ఎదుట. ఆవిడకోసం కాదు, నా పద్దు పూర్తి చేసుకోవడానికి వచ్చాను. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

నాలుగో రోజు ఆవిడ కాళ్ళు వాచాయి. మేం వెనక్కి తిరిగాం. ఒక్కొక్క టికెట్టు మీదా రెండేసి రోజులు మిగిలిపోయాయి. ఆ కాలంలో మిగిలిన రోజులకి గడువు ఉండేది కాదు. మా ఆవిడ ఆ టికెట్లని దేవుడి పటాల కింద సొరుగులో, కుంకుమ భరిణె పక్కన దాచింది.

మా అమ్మ 2002లో మళ్ళీ వచ్చింది. వచ్చిన వారానికి, వంటింట్లో కూర తరుగుతూ, "ఆ బొమ్మల పడవ ఉంది చూడు, అది మళ్ళీ ఎక్కిస్తావా?" అంది. నాలుగేళ్ళ కిందట ఆవిడ ఎక్కింది అదొక్కటే. "ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" అని, 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం మొదట కట్టిన పడవ షికారు. దేశదేశాల బొమ్మలు ఒకే పాట పాడుతూ ఉంటాయి, తాజ్‌మహల్‌తో సహా. క్యూ కూడా పెద్దగా ఉండదు.

సొరుగులోంచి టికెట్లు తీశాం. ఆ ఏడాది సెప్టెంబరు చివర్లో పిల్లల బడికి సెలవులొచ్చాయి. మన జార్జియాలో బళ్ళు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, చాలా జిల్లాల్లో సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక వారం సెలవులిస్తారు. ఉత్తరాది రాష్ట్రాల పిల్లలు అప్పుడే బళ్ళో కూర్చుని ఉంటారు. ఇది మనకి కలిసొచ్చిన సంగతి, మనవాళ్ళు దీన్ని వాడుకోవడం లేదు. తుపానుల కాలం కాబట్టి రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గదే తీసుకోవాలి. కిసిమీలో 192 రోడ్డు మీద వంటగది ఉన్న గది తీసుకున్నాం. రెండే పార్కులు, మధ్యలో ఒక రోజు పూర్తి విశ్రాంతి. మా అమ్మ ఆ పడవ మూడుసార్లు ఎక్కింది. ఏమిటేమిటి చూసిందో రాత్రి మా అమ్మాయికి కథలా చెప్పింది. ఎంతయిందని అడగలేదు. మొదటి ప్రయాణంలో మూడో వంతు అయింది. అడిగితే చెబుదామని నేనే ఎదురుచూశాను.

ఆ సొరుగు కిటుకు ఇప్పుడు పనికిరాదు. 2005 నుంచి టికెట్లకి గడువులు పెట్టారు. 2018 నుంచి ఏ తేదీకి ఆ ధర. ఒక్కరోజు టికెట్టు 2015లో వంద డాలర్లు దాటింది, ఇప్పుడు రద్దీ రోజుల్లో రెండు వందల దరిదాపుల్లో ఉంటుంది. 1999లో ఉచితంగా మొదలైన ఫాస్ట్‌పాస్ పోయి, 2021 నుంచి క్యూ తప్పించుకోవడానికి వేరే డబ్బు కట్టాలి. గేటు తెరిచే వేళకి అరగంట ముందు అక్కడుంటే ఆ డబ్బు చాలావరకు అక్కర్లేదు. కాని దానికి మనవాళ్ళు తెల్లవారుజామున లేవాలి, అదొక్కటే కష్టం.

రోజులు పెరిగినకొద్దీ రోజుకి టికెట్టు ధర తగ్గుతుందని చూసి ఆరేడు రోజులకి కొనకండి. టికెట్టులో మిగిలింది గదిలోనూ తిండిలోనూ పోతుంది, ఒంట్లో ఓపిక అంతకు ముందే పోతుంది. రెండు రోజులకి కొని, మూడేళ్ళ తర్వాత ఇంకో రెండు పార్కులు చూడండి. తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు. పులిహోర, పెరుగన్నం, చపాతీలు చిన్న కూలర్‌లో పట్టుకెళ్ళవచ్చు. గాజు సీసాలు మాత్రం రానివ్వరు కాబట్టి ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. ఐసు గడ్డలు కూడా కుదరవు, గడ్డకట్టించే ప్యాకెట్లు వాడాలి. ఫలహారాల కౌంటర్ల దగ్గర గ్లాసుడు చల్లటి నీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు, సీసా కొననక్కర్లేదు. వంటగది లేని గదిలో పోపు పెట్టవద్దు. మా మిత్రులొకరు పెట్టారు, అర్ధరాత్రి హోటల్ మొత్తం లుంగీలతో, నైటీలతో పార్కింగ్ లాట్‌లో నిలబడింది.

ఉచిత టికెట్లిస్తామని రోడ్డు పక్క బల్లలు వేసుకుని పిలిచేవాళ్ళ దగ్గరికి పోకండి. తొంభై నిమిషాల టైమ్‌షేర్ ఉపన్యాసం అన్నారు, నన్ను నాలుగు గంటలు కూర్చోబెట్టారు. సెలవు దినాన నాలుగు గంటలు అమ్ముకుని కొన్న టికెట్టు చవకెలా అవుతుంది? వేరేవాళ్ళు వాడగా మిగిలిన టికెట్లు కొనడం ఇంకా ఘోరం. అవి ఒకరి నుంచి ఒకరికి చెల్లవు, గేటు దగ్గర వేలిముద్ర చూస్తారు.

ఇక అసలు చెప్పదలచుకున్నది. పొదుపు పేరుతో మనం చేసే ఒక పని నాకు నచ్చదు. నేనూ చేశాను కాబట్టే చెబుతున్నాను. మూడేళ్ళలోపు పిల్లలకి టికెట్టు లేదు, పదేళ్ళనుంచి పెద్దల టికెట్టు. 1998లో మా అబ్బాయికి పదేళ్ళు నిండి కొన్ని నెలలైంది. కౌంటర్లో "తొమ్మిది" అన్నాను. వాడు కౌంటరుకి అందేలా మునివేళ్ళ మీద లేచి, "నో డాడీ, ఐ యామ్ టెన్!" అన్నాడు, వయసు పెరిగినందుకు గర్వంగా. కౌంటర్లో అమ్మాయి నవ్వి ఊరుకుంది. నేను పెద్దల టికెట్టే కొన్నాను. ఆ రోజు దారంతా వాడు నాతో మాట్లాడలేదు. ఒకరోజు టికెట్టులో ఆ తేడా ఇవాళ్టికీ ఐదారు డాలర్లే. పార్టీల్లో "మావాడికి ఇంకా తొమ్మిదే అని చెప్పేశాం" అని నవ్వుతూ చెప్పుకుంటాం, పక్కన ఆ పిల్లవాడే కూర్చుని వింటుంటాడు. నలుగురి గదిలో ఏడుగురిని దించి, పిల్లల్ని వెనక తలుపునుంచి రమ్మనడమూ ఇలాంటిదే. డబ్బు లేకపోతే ఒక రోజు తగ్గించుకుందాం, ఒక పార్కు మానేద్దాం. అందుకే కదా మళ్ళీ వెళ్ళడం అనేది ఉంది.

మా అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడు ఒళ్ళో కూర్చుని కథ విన్న మా అమ్మాయికి ఇప్పుడు ఒక కొడుకు. ఆ బొమ్మల పడవ వాడికి చూపించాలని పేచీ పెడుతోంది. తేదీలు చూశాం. వాడికి అక్టోబరులో మూడేళ్ళు నిండుతాయి. సెప్టెంబరులో వెళ్తే టికెట్టూ అక్కర్లేదు, అబద్ధమూ అక్కర్లేదు.