బతుకమ్మ శనివారం వస్తే తప్పేంటి?

అమెరికాలో ఉన్నవాళ్లు సద్దుల బతుకమ్మని శనివారానికి జరుపుకుంటే మనకి నవ్వొస్తుంది. "వీకెండ్ బతుకమ్మ" అని వాళ్ల స్టేటస్ కింద కామెంట్ పెట్టేస్తాం. మా తిరుమలాయపాలెంలోనూ అంతే. పూలు పేరుస్తూ ఎవరో ఒక పిన్ని అననే అంటుంది, "వాళ్లకి అమావాస్యా లేదు, అష్టమీ లేదు, అంతా శనివారమే" అని. డైలాగ్ బాగుంది. మాట మాత్రం నాకు నచ్చదు.

2024లో సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10న, గురువారం వచ్చింది. మా కాలేజీకి దసరా సెలవులు. డల్లాస్‌లో మా అక్కకి అది మామూలు గురువారం: ఆఫీసు, మీటింగులు, ట్రాఫిక్. న్యూయార్క్‌లో స్కూళ్లకి దీపావళి సెలవు 2023లో చట్టమైంది గానీ, బతుకమ్మ కోసం అక్కడ ఏ ఆఫీసూ మూయరు. మరి శనివారం కాక ఇంకెప్పుడు ఆడతారు?

ఇక్కడ పండగ మన గుమ్మం దాకా అదే వస్తుంది. గునుగు చేల గట్ల మీద ఉంటుంది, తంగేడు రోడ్డు పక్కన ఉంటుంది, పాట వచ్చినవాళ్లు పక్కింట్లోనే ఉంటారు. అక్కడ అన్నీ పోగు చెయ్యాలి. స్టోర్‌లో కొన్న చామంతులే తంగేడు అనుకోవాలి. హాల్ బుక్ చేయాలి. పులిహోర ఎవరు, సత్తుపిండి ఎవరు, మలీద ఎవరు అని షీట్ వేయాలి. నీళ్లలో పూలు వదలొచ్చా అని పార్కువాళ్లని అడగాలి. ఇదంతా ఆఫీసు పని అయ్యాక! నన్నడిగితే మనకన్నా వాళ్లే ఎక్కువ కష్టపడి పండగ చేస్తున్నారు. నేనైతే రెడీగా ఉన్న సద్ది తిని ఫొటో దిగుతానంతే.

తిథి సంగతి కూడా చూద్దాం. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచం మొత్తానికి ఒకటే. కానీ ఏ రోజు ఏ తిథి అనేది చాలావరకు ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి చూస్తారు. అందుకే అమెరికా ఊళ్లకి పంచాంగం విడిగా గుణిస్తారు, కొన్నిసార్లు పండగ తేదీ మనకంటే ఒక రోజు ముందే వస్తుంది. అంటే పంచాంగం కూడా "నువ్వు ఎక్కడున్నావ్?" అనే ముందు అడుగుతుంది. మనమే అడగం.

శనివారం కూడా దొరకనివాళ్లు ఉన్నారు. 2021 అక్టోబర్‌లో దుబాయ్ బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ వెలిగినప్పుడు మన ఫోన్లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. నాకూ గర్వంగానే అనిపించింది. కానీ జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి పోయి, సైట్లలో పనిచేసే అన్నలకి వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజే బట్టలు ఉతుక్కోవాలి, వంట చేసుకోవాలి, ఇంటికి ఫోన్ చెయ్యాలి. నా రూమ్మేట్ వాళ్ల నాన్న దోహాలో ఉంటారు. దసరా ఆయనకి ఎప్పుడూ శుక్రవారమే వస్తుంది, అదీ వీడియో కాల్‌లో. ఆయన్ని చూసి "వీకెండ్ దసరా" అని నవ్వగలమా?

పుట్టినరోజు ఇంకా కష్టం. పండగకైతే అసోసియేషన్ ఉంది, వాట్సాప్ గ్రూప్ ఉంది. పుట్టినరోజుకి మనిషి ఒక్కడే. అక్క పుట్టినరోజు ఫిబ్రవరిలో. అమ్మ ఇక్కడ రాత్రి పన్నెండు దాకా మేలుకొని, అందరికన్నా ముందు నేనే అని ఫోన్ చేస్తుంది. చలికాలంలో డల్లాస్ మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. అంటే అక్కడ ముందు రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసు క్యాంటీన్‌లో, టిఫిన్ బాక్స్ ముందు, ఇంకా పుట్టినరోజు రానే రాని అక్క "థాంక్యూ అమ్మా" అంటుంది. తీరా అక్కడ రాత్రి పన్నెండు కొట్టేసరికి ఫోన్ మోగదు, మేం విష్ చేసేశాం కదా! మాకు క్లాసులో మొదట చెప్పేది, టైమ్‌ని యూటీసీలో దాచి, చూసే మనిషి ఊరి ప్రకారం చూపించమని. ఇళ్లలో మాత్రం అందరూ మన గడియారమే చూడాలి.

ఈసారి అమ్మకి చెప్పా, రాత్రి పడుకో, పొద్దున పదకొండున్నరకి చేద్దాం, అప్పుడు అక్కకి కరెక్ట్‌గా పన్నెండు అని.

"ఆ టైమ్‌కి మిరపకాయ ఏరడానికి చేలో ఉంటా కదరా" అంది.

చేలోంచే చెయ్యమన్నా. కేక్ ఎలాగూ మనం పంపలేం, ఎర్రగా పండిన తోటన్నా చూస్తుంది.